కొండ పరుగులు, ఇంటి వేళలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఉత్తర ఇంగ్లండు కొండల మీద పరుగు గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాల్లో బూట్ల గురించి, మోకాళ్ళ గురించి అడిగినవి తక్కువ. ఇంటి గురించి అడిగినవే ఎక్కువ. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో సమాధానం రాస్తున్నాను. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట: కంబ్రియా, లాంకషైర్, యార్క్‌షైర్ ప్రాంతాల్లో ఎత్తయిన బోడి కొండను, దాని మీది గడ్డి బీడును ‘ఫెల్’ అంటారు. వెయ్యేళ్ళ కిందట అక్కడ స్థిరపడిన నార్స్ జనం వాడిన మాట అది. ఆ కొండల మీద చాలాచోట్ల దారి చూపే గుర్తులేవీ ఉండవు. పటం, దిక్సూచి దగ్గర పెట్టుకుని గడ్డిలో, బురదలో, రాళ్ళ మీద ఎక్కుతూ దిగుతూ సాగించేదే ఫెల్ పరుగు.

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. బోల్టన్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య ఆసుపత్రిలో నర్సు. పగలు, రాత్రి షిఫ్టులు మారుతూ ఉంటాయి. పిల్లలకు 9, 5 ఏళ్ళు. నాలుగేళ్ళుగా కొండ పందేల్లో పాల్గొంటున్నాను. వచ్చే జూన్‌లో బాబ్ గ్రాహం రౌండ్ ప్రయత్నించాలని ఉంది. శిక్షణ పట్టిక చూస్తే వారానికి పన్నెండు గంటలకు పైగా ఉంది. ఆమె ఒప్పుకుంది గాని ఆ ఒప్పుకోలులో సంతోషం కనిపించలేదు. రెండూ కుదిరే మార్గం ఉందా? – ఒక పాఠకుడు, బోల్టన్

సమాధానం: ముందుగా మీరు తలపెట్టినది ఎంతటి పనో తెలియని పాఠకులకు చెప్పాలి. కెస్విక్ పట్టణంలో అతిథిగృహం నడుపుకునే బాబ్ గ్రాహం, 1932 జూన్‌లో, నలభై ఏళ్ళు దాటిన వయసులో, కంబ్రియాలో కొండలు, సరస్సులు నిండిన లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలోని 42 శిఖరాలను 23 గంటల 39 నిమిషాల్లో చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి చేరాడు. మళ్ళీ ఒకరు దాన్ని పూర్తి చేయడానికి 28 ఏళ్ళు పట్టింది. ఆ చుట్టు సుమారు 66 మైళ్ళు, మొత్తం ఎక్కుడు దాదాపు 27,000 అడుగులు. కెస్విక్ నడిబొడ్డున ఉన్న మూట్ హాల్ మెట్ల దగ్గర మొదలుపెట్టి, 24 గంటల లోపల అక్కడికే రావాలి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట పన్నెండు గంటలు కాదు, ‘ఆ ఒప్పుకోలులో సంతోషం కనిపించలేదు’ అన్నది. ఆమె దేనికి ఒప్పుకుందో ఆమెకు స్పష్టంగా తెలుసా? ‘బాబ్ గ్రాహం చేస్తాను’ అన్న మాటకు ఒప్పుకోవడం వేరు. ఫిబ్రవరిలో వాన పడే ఆదివారం, తాను రాత్రి డ్యూటీ దిగి వచ్చి పడుకోవలసిన వేళ, ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉండడానికి ఒప్పుకోవడం వేరు. నేను చూసిన ఇళ్ళలో, మా ఇంట్లో కూడా, మనస్పర్థలు వచ్చింది మనిషి ఇంట్లో లేనందుకు కాదు, ఎప్పుడు వస్తాడో తెలియనందుకు. ముందే చెప్పిన నాలుగు గంటలను ఇల్లు సర్దుకోగలదు. ‘రెండు గంటల్లో వస్తాను’ అని వెళ్ళి నాలుగు గంటల తరువాత వచ్చే మనిషితో సర్దుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇది నేను అనుభవించి నేర్చుకున్నదే. ఉగాది వేడుకలో మా అమ్మాయి మొదటిసారి వేదిక ఎక్కవలసిన రోజు పొద్దున్నే బారోడేల్‌లోని సీత్‌వైట్ దగ్గర కారు ఆపి కొండ ఎక్కాను. ఎస్క్ హాస్ కనుమ దగ్గర మంచు కమ్మింది. తెలిసిన చోటే కదా అన్న ధీమాతో దిక్సూచి తీయకుండా దిగితే తేలింది లాంగ్‌డేల్ లోయలో. కారు కొండకు అవతల ఉంది. రోడ్డు మీద చుట్టి వెళ్ళాలంటే ముప్పై మైళ్ళ పైచిలుకు. నేను హాలుకు చేరేసరికి కుర్చీలు మడుస్తున్నారు. అమ్మాయి ఏమీ అనలేదు, మరుసటి ఏడు మాత్రం ‘నాన్నా, ఆ రోజు కొండకు వెళ్ళవు కదా’ అని వారం ముందే అడిగింది. ఆ ప్రశ్న అడగవలసిన అవసరం పిల్లలకు రాకూడదని ఆనాడే అనుకున్నాను.

అందుకే మీకు చెప్పే మొదటి సలహా: పరుగును మైళ్ళలో అనుకోవడం మానేసి, తిరిగి గడప తొక్కే సమయాన్ని బట్టి నిర్ణయించుకోండి. కొండ మీద మైలు నమ్మదగిన కొలత కాదు. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: మూడు మైళ్ళకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకొక గంట. పది మైళ్ళ దారిలో 3,000 అడుగుల ఎక్కుడు ఉంటే నడకలో నాలుగు గంటల యాభై నిమిషాలు. మీ వేగం ఆ లెక్కలో ఎన్నో వంతో నాలుగైదు పరుగుల్లో మీకే తెలిసిపోతుంది. దానికి అరగంట కలిపి ఇంట్లో చెప్పండి. చెప్పిన సమయంలో సగం గడిచేసరికి సగం దారి చేరకపోతే శిఖరం కనబడుతున్నా వెనక్కి తిరగండి. శిఖరం వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది.

ఇదే లెక్క బాబ్ గ్రాహం రౌండ్‌కు వేసి చూడండి. 66 మైళ్ళకు 22 గంటలు, 27,000 అడుగులకు పదమూడున్నర గంటలు, కలిపి ముప్పై అయిదున్నర గంటల నడక. దాన్ని 24 గంటల్లో పూర్తి చేయాలంటే నేస్మిత్ వేగానికి ఒకటిన్నర రెట్లు కావాలి. అంటే ఎత్తుల్లో ఆగకుండా బలంగా నడవడం, చదునుగా ఉన్న చోట తీరికగా పరుగెత్తడం, దిగేటప్పుడు తొడలు చెడకుండా దిగడం. కాళ్ళకు కావలసినది వేగం కన్నా ఓర్పుగా ఎక్కే శక్తి. ఈ విషయం మీ ఇంటికి శుభవార్త. ఎందుకంటే ఎక్కుడు సంపాదించడానికి ప్రతి వారం లేక్ డిస్ట్రిక్ట్ దాకా కారు నడపనక్కరలేదు. మీ ఇంటికి దగ్గరలోనే రివింగ్టన్ పైక్ అనే కొండ ఉంది. కింది పార్కు నుంచి పైకి సుమారు 700 అడుగులు. నాలుగుసార్లు ఎక్కి దిగితే 2,800 అడుగులు, రెండు గంటల లోపు పని. వారంలో రెండుసార్లు ఇది చేసి, సెలవు రోజు వింటర్ హిల్ మీద ఒక పొడవైన పరుగు చేర్చుకుంటే, ఈ రౌండ్‌కు సిద్ధమయ్యేవారు చాలామంది వారానికి లక్ష్యంగా పెట్టుకునే 10,000 అడుగులకు ఏడెనిమిది గంటల్లో దగ్గర పడతారు. పన్నెండు గంటల పట్టికలో మిగిలిన నాలుగు గంటలు చదును రోడ్డు మీది పరుగులయితే, మీ లక్ష్యానికి అవి ఇచ్చే లాభం స్వల్పం. వాటిని నిస్సంకోచంగా కొట్టేయండి.

దిగుడు గురించి మాత్రం అశ్రద్ధ వద్దు. తిరుమల కొండకు మెట్ల దారిన ఎక్కి, నడిచే దిగివచ్చిన వాళ్ళకు మరునాడు తొడలు పట్టేసి కుర్చీలోంచి లేవడం కూడా కష్టమవుతుంది. ఎక్కినందువల్ల అంత నొప్పి రాదు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోయవలసి రావడం దానికి కారణం. అయితే ఒకసారి ఆ దెబ్బ తిన్న కండరం కొన్ని వారాల పాటు అలాంటి దెబ్బను తట్టుకుంటుంది. కాబట్టి రెండు వారాలకు ఒకసారి పొడవైన దిగుడు సాధన చేసినా చాలు. ఇంట్లో పిల్లవాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగలేనంతగా ప్రతి ఆదివారం కాళ్ళను నలగ్గొట్టుకోనవసరం లేదు.

ఇక పట్టిక. మీరు శిక్షణ పట్టికను ముందు గోడకు అంటించి, మీ భార్య షిఫ్టులను అందులో ఇరికించాలని చూస్తున్నట్టు నాకు అనిపిస్తోంది. ఆ వరుస తిరగేయండి. ఆమె రోటా, అంటే షిఫ్టుల పట్టిక, కొన్ని వారాల ముందే చేతికి వస్తుంది కదా. అది వచ్చిన రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని, ముందు ఆమె రాత్రి డ్యూటీల మరుసటి పగళ్ళను గుర్తు పెట్టండి. ఆ పగళ్ళలో ఇల్లు, పిల్లలు, వంట, నిశ్శబ్దం మీ బాధ్యత. ఆ రోజుల్లో కొండ మాట ఎత్తకండి. తరువాత పిల్లల ఈత, పుట్టినరోజులు, బడి కార్యక్రమాలు. ఆ తరువాత ఆమెకు తనదిగా కావలసిన సమయం. ఆమె అడగకపోయినా గడి ఖాళీగా ఉంచండి. మిగిలిన వాటిలో మీ పరుగులు రాసుకోండి. తక్కువే మిగులుతాయి, అయినా రాసుకున్నవి గొడవ లేకుండా జరుగుతాయి.

లేక్ డిస్ట్రిక్ట్‌లో జూన్ నెలలో సూర్యుడు అయిదు గంటల లోపే ఉదయిస్తాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే అస్తమిస్తాడు. వేసవిలో తెల్లవారుజామునే వెళ్ళి, పిల్లలు ఫలహారం ముగించే లోపు తిరిగి రావచ్చు. కాని నాలుగున్నరకు లేవాలంటే రాత్రి తొమ్మిదికి పడుకోవాలి. అప్పుడు అంట్లు ఎవరు తోముతారు, బడి సంచులు ఎవరు సర్దుతారు అన్నది ముందే తేల్చుకోవాలి. నిద్రలో కోత పెట్టుకుని పరుగెత్తితే ఆ బాకీ సాయంత్రం చిరాకు రూపంలో పిల్లల మీద పడుతుంది. నా మటుకు నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను: పొద్దున పరుగు ముగిశాక మధ్యాహ్నం పిల్లలతో పార్కుకు వెళ్ళలేక సోఫాలో వాలిపోతే, ఆ పరుగు నా ఇంటి స్థితికి మించినది. మరుసటి వారం అరగంట తగ్గించేవాణ్ణి.

రౌండ్‌లోని అయిదు భాగాలను ముందుగా తిరిగి చూసుకోవడం తప్పనిసరి. రోడ్డు దాటే చోట్లు నాలుగు: థ్రెల్కెల్డ్, డన్‌మెయిల్ రేజ్, వాస్‌డేల్ హెడ్, హోనిస్టర్. బడి సెలవుల్లో అందరూ కెస్విక్‌లో రెండు రాత్రులు ఉండి, ఒక పొద్దున మీరు స్కిడా, గ్రేట్ కాల్వా, బ్లెంకాత్రా మీదుగా థ్రెల్కెల్డ్‌కు దిగే మొదటి భాగం చూసుకుంటే, పిల్లలు ఆ వేళకు డెర్వెంట్‌వాటర్‌లో పడవ ఎక్కవచ్చు, పెన్సిళ్ళ మ్యూజియం చూడవచ్చు. మధ్యాహ్నం నుంచి మీరు వాళ్ళతో ఉండాలి. కాని ఏడాదిలోని సెలవులన్నీ ఇలాగే గడిపితే అది మీ భార్యకు సెలవు కాదు, ఊరు మార్చి చేసే పిల్లల కాపలా. ఏడాదికి ఒక్కసారి చాలు. తక్కిన భాగాలను ఒక్కరోజు ప్రయాణాలుగా, ముందే అనుకున్న తేదీల్లో ముగించుకోండి.

ఇంత రాశాక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వచ్చే జూన్‌ను వదిలి ఆపై జూన్‌కు పెట్టుకోండి. మీ చిన్నవాడికి అప్పటికి ఆరేళ్ళు దాటి ఉంటాయి. ఏడాది ఎడం ఉంటే వారానికి ఏడెనిమిది గంటల శిక్షణతోనే కాళ్ళు సిద్ధమవుతాయి, దెబ్బ తగిలినా కోలుకునే వ్యవధి ఉంటుంది. ప్రతి శిఖరం మీదా సాక్షి ఉంటేనే బాబ్ గ్రాహం క్లబ్బు సభ్యత్వం ఇస్తుంది కాబట్టి మీతో పరుగెత్తేవారు కూడా కావాలి. ఆ రుణం మీరు ముందుగా ఇతరుల ప్రయత్నాల్లో తోడు వెళ్ళి తీర్చుకోవాలి, దానికీ రోజులు పడతాయి. ఆ నలభై రెండు కొండలు కుదరకపోయినా దారి మూసుకుపోదు. వాస్‌డేల్‌లో గొర్రెలు కాసుకుంటూనే 1975లో ఒక్క రోజులో 72 శిఖరాలు చుట్టి, 2024లో కన్నుమూసిన జాస్ నేలర్ పేరిట, యాభై ఏళ్ళు నిండినవారికే ప్రత్యేకించిన 48 మైళ్ళ, 30 శిఖరాల దారి ఒకటి ఉంది. యాభై నుంచి యాభై నాలుగేళ్ళ వారికి గడువు 12 గంటలు. వయసు పెరిగేకొద్దీ గడువూ పెరుగుతుంది. మీ పిల్లలు పెద్దవాళ్ళయ్యే వేళకు మీకు ఆ దారి తెరుచుకుంటుంది.

బాబ్ గ్రాహం రౌండ్ చేసే రోజు వచ్చినప్పుడు మీ భార్యను, పిల్లలను హోనిస్టర్ దగ్గర నిలబెట్టండి. అది చివరి రోడ్డు, అక్కడి నుంచి మూడు శిఖరాలే మిగిలి ఉంటాయి. పద్దెనిమిది, ఇరవై గంటల తరువాత తీపి పదార్థాలు గొంతు దిగవు. ఉప్పు తగిలిన పులిహోర దిగుతుంది. దాన్ని పిల్లల చేతికి ఇచ్చి ఉంచండి.

ప్రశ్న: మా వారు మూడేళ్ళుగా ప్రతి ఆదివారం కొండలకు వెళుతున్నారు. పన్నెండుకల్లా వస్తానంటారు, మూడవుతుంది. ఫోను కలవదు. ఆ మూడు గంటలూ నేను కిటికీ దగ్గరే. అడ్డు చెబితే ‘నా ఆరోగ్యం కోసమే కదా, తాగుతున్నానా, తిరుగుతున్నానా’ అంటారు. మా అత్తగారు కూడా ఫోనులో అదే మాట అంటారు. నేను తప్పుగా ఆలోచిస్తున్నానా? – ఒక పాఠకురాలు, ప్రెస్టన్

సమాధానం: మీరు తప్పుగా ఆలోచించడం లేదమ్మా. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు బాధలు ఉన్నాయి: ఒకటి భయం, రెండవది అన్యాయం జరుగుతోందన్న భావన. వాటిని విడదీసి మాట్లాడితే మీ వారికి కూడా అర్థమవుతుంది.

భయం సంగతి ముందు. లేక్ డిస్ట్రిక్ట్‌లోని చాలా లోయల్లో ఫోను సిగ్నలు అందదు, కాబట్టి ఫోను కలవకపోవడం ప్రమాదానికి గుర్తు కాదు. అలాగని ఫోను మీద ఆధారపడడానికీ వీల్లేదు. మీ వారు బయలుదేరే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసి ఫ్రిజ్ మీద పెట్టాలి: కారు ఎక్కడ ఆపుతారు, ఏ వరుసలో ఏ కొండలు ఎక్కుతారు, కొండ దిగి కారు దగ్గరికి చేరే సమయం. దాని కింద రెండవ సమయం ఒకటి రాయాలి: ఆ వేళకు కబురు రాకపోతే మీరు అత్యవసర నంబరు 999కి ఫోను చేసి, ముందు పోలీసులను, వారి ద్వారా కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే మౌంటెన్ రెస్క్యూ బృందాన్ని అడుగుతారు. ఆ సమయం ఆయనే నిర్ణయించాలి, ఆయన చేతివ్రాతలోనే ఉండాలి. అప్పుడు ఫోను చేయాలా వద్దా అన్న మథనం మీ మీద ఉండదు. ఆ బృందాల్లో పనిచేసేవారు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. సహాయానికి డబ్బు తీసుకోరు. కబురు ఆలస్యంగా అందడం కన్నా తొందరగా అందడమే వారికీ మేలు. ఆ రెండవ సమయం ఒకటి ఉందని తెలిస్తే, దారిలో ఇంకొక శిఖరం ఆశపెట్టినా ఆయన కాళ్ళు కారు వైపు తిరుగుతాయి. మా ఇంట్లో అలాగే జరిగింది.

ఆయన సంచి కూడా ఒకసారి తెరిచి చూడండి. గాలి, నీరు చొరని కోటు, ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు, పటం, దిక్సూచి, ఈల, అత్యవసరానికి తిండి: పొడవైన ఫెల్ పందేల్లో నిర్వాహకులు సాధారణంగా అడిగే సామగ్రి ఇది. ఒంటరిగా వెళ్ళే ఆదివారం కూడా ఇవన్నీ ఉండాలి. కాలు మెలిక పడి కదలలేకపోతే, చెమటతో తడిసిన మనిషిని వేసవిలో కూడా చలి కమ్మేస్తుంది. ఈలను నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం అక్కడ అందరూ గుర్తించే ఆపద సంకేతం. అది ఆయనకు తెలుసో లేదో అడగండి.

ఇక ఆరోగ్యం మాట. బ్రిటన్ ఆరోగ్య శాఖ పెద్దలకు చెప్పే కొలత వారానికి 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నిమిషాల తీవ్ర శ్రమ. మీ వారు ఆదివారం ఒక్కపూటలో దానికి ఎన్నో రెట్లు చేస్తున్నారు. ఆరోగ్యం పేరు చెప్పి అడగదగిన సమయం ఆ గంటంబావుతో అయిపోతుంది; ఆపై గంటలన్నీ ఆయన ఇష్టం కోసం. ఇష్టం ఉండడం తప్పు కాదు, కొండ మీద దొరికే ఆనందం ఎంతటిదో నాకు తెలుసు. కాని దాన్ని ఇష్టమని ఒప్పుకున్న రోజున, మీ ఇష్టానికి కూడా ఇంట్లో చోటు అడగవచ్చు. ఆరోగ్యమని అన్నంత కాలం మీరు కాదనలేరు, ఆయన బదులు ఇవ్వనవసరం ఉండదు. తాగుడుతో పోల్చడం కూడా అందుకే సరికాదు: చెడ్డ అలవాటు లేకపోవడం ఆదివారాలన్నిటికీ చెల్లించిన ధర కాదు.

శనివారం మీది అని అడగండి. ఆయనకు ఎన్ని గంటలో మీకూ అన్ని గంటలు, అదే నియమంతో: ముందే రాసిపెట్టి, మధ్యలో ‘జీలకర్ర డబ్బా ఎక్కడుంది’ అని ఫోను రాకుండా. ఆ గంటల్లో మీరు పుస్తకం చదువుకున్నా, స్నేహితురాలి ఇంటికి వెళ్ళినా, పడుకున్నా ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. నెల రోజులు ఇలా గడిస్తే, ఇంట్లో ఉండిపోయే మనిషి ఏమి మోస్తుందో ఆయనకు ఎవరూ వివరించనవసరం లేకుండా తెలుస్తుంది. అత్తగారికి జవాబు చెప్పే పని కూడా ఆయనకే వదిలిపెట్టండి. కొడుకు చెబితే ఆమె వినే తీరు వేరు.

ప్రశ్న: మా అమ్మాయి లీడ్స్‌లో ఉంటుంది. కాన్పయి ఎనిమిది నెలలయింది. ఇప్పుడు మళ్ళీ ఇల్‌క్లీ దగ్గర కొండల మీద పరుగు మొదలుపెట్టింది. పాపను అల్లుడికి అప్పజెప్పి రెండేసి గంటలు వెళుతోంది. పాలు తాగే బిడ్డను వదిలి కొండల మీద పరుగేమిటని ఇక్కడ బంధువులు అంటుంటే నాకు సమాధానం తోచడం లేదు. వచ్చే నెల నేను అక్కడికి వెళుతున్నాను. వద్దని చెప్పాలా? – ఒక తల్లి, తిరుపతి

సమాధానం: అమ్మా, మీరు వెళ్ళడానికి ముందే ఉత్తరం రాసినందుకు సంతోషం. మీ ఆందోళనలో వైద్యానికి సంబంధించిన భాగం ఒకటి ఉంది, దానికి ముందు సమాధానం చెబుతాను.

కాన్పు తరువాత పరుగు మొదలుపెట్టడానికి కనీసం మూడు నెలలు ఆగాలని, కటి కండరాల బలం చూసుకున్న తరువాతే మొదలుపెట్టాలని బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు 2019లో ఇచ్చిన సూచనలు చెబుతున్నాయి. మీ అమ్మాయికి ఎనిమిది నెలలు నిండాయి. అయితే నెలలు గడిచినంత మాత్రాన సరిపోదు. పరుగులో మూత్రం జారడం, పొత్తికడుపు కింద బరువుగా లాగినట్టు ఉండడం, నడుములో నొప్పి, మళ్ళీ రక్తస్రావం వంటివి ఉంటే వెంటనే ఆపి, స్త్రీల సమస్యలు చూసే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాలి. ఇలాంటివి అమ్మాయిలు అత్తింట్లో గాని, స్నేహితులతో గాని చెప్పుకోరు. మీరు అడిగితే చెబుతుంది. బిడ్డకు పాలిచ్చే తల్లి ఓ మోస్తరు వ్యాయామం చేస్తే పాలు తగ్గవు, చెడవు. బయలుదేరే ముందు పాలిస్తే తనకూ సౌకర్యంగా ఉంటుంది. దాహానికి తగినన్ని నీళ్ళు, సరిపడా తిండి, నిద్ర ముఖ్యం. రాత్రి పాప నాలుగుసార్లు లేచిన మరునాడు పరుగు మానుకోవడమే మంచిది, అలాంటప్పుడు రాళ్ళ మీద కాలు తడబడుతుంది.

బంధువులకు చెప్పడానికి మీకొక నిజమైన ఉదాహరణ ఇస్తాను. జాస్మిన్ పారిస్ అనే పశువైద్యురాలు 2019 జనవరిలో, ఇంగ్లండు వెన్నెముక వంటి పెన్నైన్ కొండల మీద 268 మైళ్ళ స్పైన్ రేసులో పాల్గొన్నారు. అప్పటికి ఆమె పాపకు 14 నెలలు, ఇంకా పాలు తాగుతోంది. దారిలో ఆగిన విశ్రాంతి స్థలాల్లో పాలు పిండుకుంటూ, మంచులో, చీకట్లో సాగి 83 గంటల 12 నిమిషాల్లో ముగించి, మగవారిని కూడా దాటి మొదటి స్థానంలో నిలిచారు. అంతకు ముందున్న రికార్డు కంటే అది 12 గంటలు తక్కువ. మీ అమ్మాయి అంత పని చేయాలని నేను అనడం లేదు, ఆమె వెళ్ళేది రెండు గంటలు. తల్లి అయినంత మాత్రాన కొండ పరాయిదైపోదని చెప్పడానికే ఇది రాశాను.

‘పాపను అల్లుడికి అప్పజెప్పి’ అని రాశారు. కన్నతండ్రి దగ్గర బిడ్డ ఉండడం అప్పజెప్పడం ఎలా అవుతుందమ్మా? ఆ రెండు గంటల్లో పాపకు అన్నం తినిపించడం, గుడ్డలు మార్చడం, ఏడిస్తే ఊరుకోబెట్టడం అతను సొంతంగా నేర్చుకుంటున్నాడు. మీరు అక్కడికి వెళ్ళాక అతను పాపను ఎత్తుకున్న ప్రతిసారీ ‘ఇలా ఇవ్వు నాయనా’ అని అందుకోకండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఆరు నెలల తరువాత మీరు తిరుపతికి తిరిగి వచ్చినప్పుడు ఆ ఇల్లు ఇద్దరి చేతుల మీదా నడవాలంటే అదే ఆధారం. పరదేశంలో కాపురం చేసే జంటలకు పక్కింట్లో పిన్నమ్మలు, అత్తయ్యలు ఉండరు.

మీరు తిరుపతి వారు. అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్ళిన బాలింతలను, చంటిబిడ్డను భుజాన వేసుకుని మోకాళ్ళ పర్వతం ఎక్కిన తల్లులను మీరు చూసే ఉంటారు. కాన్పయిన ఆడదానికి కొండ వద్దని అప్పుడు ఎవరూ అనలేదు, మొక్కు కోసం ఎక్కుతున్నారు కాబట్టి. మీ అమ్మాయికి ఆ రెండు గంటలు మనసును నిలబెట్టేవి కావచ్చు. కాన్పు తరువాత చీకటిగా గడిచే నెలల్లో, పరాయి దేశపు చలికాలంలో, బయటి గాలి, వెలుగు, స్నేహితుల మాట ఎంత అవసరమో నేను వైద్యుడిగా చాలా ఇళ్ళలో చూశాను. వద్దని చెప్పకండి. ఒక ఆదివారం ఇల్‌క్లీ దాకా మీరూ వెళ్ళి, కింద పాపతో కూర్చుని, ఆమె దిగి వచ్చేటప్పుడు ముఖం ఎలా ఉంటుందో చూడండి.

ప్రశ్న: మా పదకొండేళ్ళ అమ్మాయి నాతో కొండ పరుగుకు వస్తానంటోంది. తీసుకువెళ్ళవచ్చా? ఎంత దూరం? – ఒక తండ్రి, కెండల్

సమాధానం: తప్పకుండా తీసుకువెళ్ళండి, కాని మీ శిక్షణలో భాగంగా కాదు. ఆమెతో వెళ్ళిన రోజు మీ గడియారం ఇంట్లో వదిలేయండి. ఫెల్ పందేల్లో పిల్లలకు వయసును బట్టి దూరానికి పరిమితి ఉంది; మీ ఊళ్ళోని క్లబ్బులో అడిగితే ఆమె వయసుకు ఎంతో చెబుతారు, పిల్లల బృందం ఉంటే అందులో చేర్చండి. తోటివాళ్ళతో బురదలో జారుతూ నేర్చుకునే దిగుడు, తండ్రి వెనక నడుస్తూ నేర్చుకునే దానికన్నా మెరుగ్గా ఉంటుంది. మీతో వచ్చినప్పుడు ముందు ఆమెను నడవనివ్వండి, దారి ఆమెనే ఎంచుకోనివ్వండి. పటం ఆమె చేతికి ఇచ్చి, ‘ఇప్పుడు మనం ఎక్కడున్నాం’ అని అప్పుడప్పుడు అడగండి. మంచు కమ్మిన రోజు ఇంటికి చేరడానికి అవసరమైన విద్య అదే. పదకొండేళ్ళ పిల్లలు దాన్ని పెద్దవాళ్ళ కంటే త్వరగా పట్టుకుంటారు. ఆమె చాలన్నప్పుడు, అది కొండకు సగంలోనే అయినా, మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి. ఒక పొడి చొక్కా, వేడి పాల ఫ్లాస్కు కారులో ఉంచడం మరచిపోకండి.